దానమా, ఋణమా? : మారిస్ స్టోక్స్ కథలో మనం చదవని పుట

మొన్న నా పూర్వవిద్యార్థి ఒకడు సిన్సినాటి నుండి ఒక సందేశం పంపాడు. "మాస్టారూ, తరగతిలో మీరు స్నేహధర్మం గురించి చెబుతుండేవారు గదా, ఇది చదవండి" అని ముందొక మాట. ఇద్దరు అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ కథ అది. ఒకడు నల్లజాతివాడు, రెండవవాడు తెల్లవాడు. విధి వక్రించి మొదటివాడు ఆటలో పడి మంచం పట్టాడు. రెండవవాడు పన్నెండేళ్ళపాటు అతనికి అండగా నిలిచాడు. చివర ఎవరో "అభినవ కృష్ణకుచేలులు" అని ఒక వ్యాఖ్య తగిలించారు.

చదివాను. కళ్ళు చెమర్చాయి, దాచుకోవలసిన పని లేదు. మరునాడు మళ్ళీ చదివితే మాత్రం కోపం వచ్చింది. కథలో స్నేహితులిద్దరే ఉన్నారు. మూడవవాడు ఒకడుండాలి, లేడు. ఆ మూడవవాడిని వెతికి పట్టుకొని మీ ముందు నిలబెట్టడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా ఒక మాట. బాస్కెట్‌బాల్ నేను ఆడిన ఆట కాదు. మేము పనిచేసిన బడి ఆవరణలో ఒక ఇనుపరింగు ఉండేది, దానికి వల ఎన్నడూ ఉండేది కాదు. కనుక ఆటలోని మెలకువల జోలికి పోను. నేను మాట్లాడదలచుకొన్నది మాటల గురించి. ముప్పైరెండేళ్ళు తెలుగు చెప్పినవాడికి మాటల మీద ఆ మాత్రం అధికారం ఉండదా?

ఆ కథ చెప్పేవారంతా మంచం దగ్గర మొదలుపెడతారు. నేను మైదానం దగ్గర మొదలుపెడతాను. మారిస్ స్టోక్స్ పుట్టినది 1933 జూన్ 17న, పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ పక్కనున్న రాంకిన్ అనే ఊళ్ళో. తండ్రి ఉక్కుమిల్లు కార్మికుడు. తల్లి ఇళ్ళలో పని చేసేది. వెస్టింగ్‌హౌస్ హైస్కూలులో చదివే రోజుల్లో మొదట అతనికి జట్టులో ప్రధానస్థానమే దొరకలేదట. తరువాత లొరెటో అనే చిన్న ఊరిలోని సెయింట్ ఫ్రాన్సిస్ కళాశాలలో చేరాడు. పెద్దపెద్ద విశ్వవిద్యాలయాల ముందు లెక్కకు రాని కళాశాల అది. అటువంటి దానిని 1955లో న్యూయార్కులో జరిగిన జాతీయ ఆహ్వాన టోర్నమెంటు దాకా తీసుకొని పోయాడు. జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. అయినా టోర్నమెంటు మొత్తానికి ఉత్తమ క్రీడాకారుడు అతడే. గెలిచిన జట్టును వదలి, నాలుగవ జట్టులోని వాడికి ఆ గౌరవం ఇవ్వవలసి వచ్చిందంటే అతని ఆట ఏ పాటిదో ఊహించుకోండి.

ఆ ఏడాదే రాచెస్టర్ రాయల్స్ అనే జట్టు అతనిని తీసుకొన్నది. ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. అంతటి దేహం ఉన్నవాడు రింగు కింద నిలబడి బంతి అందుకోవడమే పని అనుకొనే కాలంలో, ఇతడు పరుగెత్తేవాడు, బంతిని తానే నడిపించేవాడు, తోటివారికి అందించేవాడు. మొదటి సంవత్సరమే ఉత్తమ నూతన క్రీడాకారుడు. రెండవ సంవత్సరం లీగులో అంతవరకు ఎవరికీ లేనన్ని రీబౌండ్లు, 1,256. మూడు సీజన్లలో ఆడినవి 202 ఆటలు, పట్టిన రీబౌండ్లు 3,492. ఆ మూడేళ్ళలో లీగు మొత్తంలో అన్ని పట్టినవాడు మరొకడు లేడు. తోటివారికి బంతి అందించి గోలు చేయించడంలో బాబ్ కజీ తరువాత రెండవస్థానం కూడా ఇతడిదే. 1957లో జట్టు రాచెస్టర్ నుండి సిన్సినాటికి మారింది. ఆ జట్టును చూడడానికి జనం డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నారంటే అందుకు కారణాలలో ఇతడొకడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

1958 మార్చి 12న మినియాపొలిస్‌లో ఆ సీజనులో చివరి ఆట. రింగు వైపు దూసుకుపోతూ ఒకరిని తాకి పడిపోయాడు. తల నేలకు తగిలింది. స్పృహ తప్పింది. ముక్కు దగ్గర ఘాటైన ఉప్పు వాసన చూపించి లేపారు. లేచి మళ్ళీ ఆడాడు. మూడు రోజుల తరువాత డెట్రాయిట్‌లో పిస్టన్స్ జట్టుతో మరొక పెద్ద ఆట, అదీ ఆడాడు, 15 రీబౌండ్లు పట్టాడు. తిరుగు ప్రయాణంలో విమానంలోనే మూర్ఛలు వచ్చాయి. తరువాత కోమా. తెలివి వచ్చేసరికి ఒళ్ళంతా చచ్చుబడి ఉంది. మెదడుకు తగిలిన దెబ్బ వలన కదలికలను నడిపే భాగం దెబ్బతిన్నది. ఆలోచన మాత్రం చెక్కుచెదరలేదు. ఆ దేహంలో, ఆ మనిషి, అన్నీ తెలుస్తూనే ఉండిపోయాడు. అప్పటికి వయస్సు 24.

ఇక జాక్ ట్వైమన్. ఇతనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, కనుక ఇతని మాట నిండుగా చెబుతాను. అప్పటికి ఇతనికి 23 ఏళ్ళు. అదే జట్టువాడు, అదే పిట్స్‌బర్గ్ వాడు. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో చదివి ఆ ఊళ్ళోనే స్థిరపడ్డాడు. సీజను ముగియగానే తక్కినవారు తమ తమ ఊళ్ళకు వెళ్ళిపోతే, ఊళ్ళో మిగిలినవాడు ఇతడు. న్యాయస్థానం ద్వారా స్టోక్స్‌కు సంరక్షకుడయ్యాడు. ఒహాయో రాష్ట్రపు కార్మిక నష్టపరిహారం కోసం పోరాడి సాధించాడు. స్టోక్స్‌కు మాట రాదు గనుక ఇతడు ఇంగ్లీషు అక్షరమాల వరుసగా చదివేవాడు, కావలసిన అక్షరం రాగానే అతడు రెప్ప వేసేవాడు. అలా అక్షరం అక్షరం కూర్చి ఒక మాట, మాట మాట కూర్చి ఒక వాక్యం. జీవితమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించినవాణ్ణి, ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

ఖర్చులకు డబ్బు చాలక, న్యూయార్కు రాష్ట్రంలో మాంటిసెల్లో దగ్గర కట్షర్స్ అనే విడిదిలో ఏటా ఒక సహాయార్థపు ఆట పెట్టించాడు. విల్ట్ చాంబర్లైన్ వంటి మహామహులు వచ్చి ఆడారు. ఇవన్నీ చేస్తూనే తన ఆట తాను ఆడుకున్నాడు. 1959-60లో సగటున ఆటకు 31.2 పాయింట్లు సాధించాడు. స్టోక్స్ కొన్ని అడుగులు వేయడం, టైపు చేయడం, బొమ్మలు వేయడం మెల్లగా నేర్చుకొన్నాడు. 1970 ఏప్రిల్ 6న గుండె ఆగి మరణించాడు. వయస్సు 36. తాను చదివిన సెయింట్ ఫ్రాన్సిస్ కళాశాల ఆవరణలోనే అతని సమాధి.

ట్వైమన్‌కు చేతులెత్తి నమస్కరిస్తాను. నమస్కరించి, అడగవలసిన ప్రశ్న అడుగుతాను. ఈ డబ్బు ట్వైమన్ ఎందుకు పోగు చేయవలసి వచ్చింది?

దానం, ఋణం అని మనకు రెండు మాటలున్నాయి. ఇవ్వనక్కరలేనివాడు ఇచ్చేది దానం. ఇవ్వవలసినవాడు ఇచ్చేది ఋణం తీర్చడం. ఈ రెంటికీ నడుమ నిఘంటువులోనూ, ధర్మశాస్త్రంలోనూ దాటరాని గీత ఒకటి ఉంది. ఇవ్వవలసినవాడు ఇవ్వకుండా తప్పుకొన్న చోట ఇవ్వనక్కరలేనివాడు ముందుకు వచ్చి ఇస్తే, ఇచ్చినవాడి పక్షాన అది దానమే. కాని దాని వెనుక ఒక ఎగవేత నక్కి ఉన్నది. దాతను ఎంత ఎత్తున కూర్చోబెడితే అతని నీడలో ఎగవేతదారు అంత చల్లగా దాగుకొంటాడు. కథలో లేని మూడవవాడని నేనన్నది వీడినే.

స్టోక్స్ పడినది వీధిలో కాదు, పనిచేసే చోట. ఆ పని చూడడానికి జనం డబ్బు చెల్లించారు. ఆ డబ్బు తీసుకొన్న యాజమాన్యాలు ఉన్నాయి, ఆ యాజమాన్యాల సంఘంగా ఒక లీగు ఉన్నది. కాని ఆ ఆటగాళ్ళకు ఆరోగ్యభీమా లేదు, పింఛను లేదు. జట్టు కూడా అదే 1958లో చేతులు మారింది. జట్టును అమ్మవచ్చు, కొనవచ్చు. దానికోసం పడిన మనిషిని మాత్రం ఏ ఖాతాలో వేయాలో ఎవరికీ తెలియదు!

అందుకే కుచేలుని పోలిక నాకు కిట్టలేదు. కుచేలుని దారిద్ర్యానికి కృష్ణుడు కారణం కాడు, ద్వారకలో మరెవరూ కారణం కారు. కుచేలుడు ఎవరి కొలువులోనూ పనిచేస్తూ చితికిపోలేదు. కనుక అక్కడ కృష్ణుడు ఇచ్చినది శుద్ధమైన అనుగ్రహం. ఇక్కడ అలా కాదు. పోలిక చెప్పేటప్పుడు సమానధర్మం ఉండాలని అలంకారశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది. "విధి వక్రించి" అన్న మాట కూడా అటువంటిదే. పడడం విధి అనుకోండి, ఒప్పుకొంటాను. పడినవాడిని ఎవరు పోషించాలన్నది విధి నిర్ణయించినది కాదు, మనుషులు నిర్ణయించినది.

మా గురువులు నేర్పిన పద్ధతి ప్రకారం పూర్వపక్షాలు కూడా చెప్పి సమాధానమిస్తాను.

మొదటిది, "ఆ కాలం అంతే, తలకు తగిలిన దెబ్బ సంగతి ఆనాటి వారికి ఏం తెలుసు?" అని. నిజమే. అటువంటి దెబ్బ తగిలిన ఆటగాడిని పరీక్షించిన మీదటగాని మళ్ళీ దింపరాదన్న నియమావళి ఈ లీగులో అమలుకు వచ్చినదే 2011లో. 1958లో ఉప్పు వాసన చూపించిన చేతిని నేను తప్పుపట్టను. దెబ్బను గుర్తించలేకపోవడం అజ్ఞానం. అది దెబ్బ అని తేలిన తరువాత పన్నెండేళ్ళ పాటు వైద్యం ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం అజ్ఞానం కాదు.

రెండవది, "చట్టప్రకారం యాజమాన్యానికి బాధ్యత లేదేమో, లేనిదానిని ఋణమనడం ఎలా?" అని. దీనికి సమాధానం ట్వైమనే ఇచ్చాడు. అతడు ముందు చేసిన పని చందా పట్టడం కాదు, కార్మిక నష్టపరిహారానికి దావా నడపడం. ఆ పరిహారం మంజూరైంది. దాని అర్థమేమిటి? స్టోక్స్ కార్మికుడు, అతనికి తగిలినది పనిలో తగిలిన దెబ్బ అని ఒహాయో రాష్ట్రం అంగీకరించినట్లు. అనగా ఇది ఋణమని మొదట గుర్తించినవాడు సాక్షాత్తు ఆ దాతే. అతని కథ చెప్పేవారు చందా ఆటను పట్టుకొని ఊరేగుతారు, దావాను ఒక్క వాక్యంలో దాటిపోతారు. నా దృష్టిలో ట్వైమన్ గొప్పతనం దావాలోనే ఎక్కువగా ఉంది.

మూడవది, "ఎలాగైతేనేం, స్నేహితుడు ఆదుకున్నాడు గదా, తవ్వడమెందుకు?" అని. ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట. ట్వైమన్ ఊళ్ళో ఉన్నాడు కనుక ఆదుకున్నాడు. అతని ఇల్లు మరొక ఊళ్ళో ఉండి, అతడు కూడా తక్కినవారి వలె వేసవికి వెళ్ళిపోయి ఉంటే? ఒక మనిషి ప్రాణం మరొక మనిషి ఇంటి చిరునామా మీద ఆధారపడడం సత్కథ ఎలా అవుతుంది? పైగా కట్షర్స్ ఆటలు స్టోక్స్ మరణంతో ఆగలేదు. దశాబ్దాల పాటు సాగాయి. ఎవరి కోసం? అవసరంలో ఉన్న పూర్వక్రీడాకారుల కోసం. ఒక్క స్టోక్సే కాదన్నమాట. ప్రతివాడికీ ఒక ట్వైమన్ దొరకడు.

ఇక ఈ కథకు జోడించి చెప్పవలసినది, ఎవరూ జోడించనిది, మరొకటి ఉన్నది. ఆటగాళ్ళు 1954లోనే బాబ్ కజీ చొరవతో సంఘం పెట్టుకొన్నారు. 1957 దాకా లీగు దానిని గుర్తించలేదు. గుర్తించిన తరువాత కూడా పింఛను మాట వాయిదాల మీద వాయిదాలు. 1964 జనవరి 14న బోస్టన్‌లో ఆల్-స్టార్ ఆట. టెలివిజనులో దేశమంతా చూపించడానికి కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. ఆటగాళ్ళు గదిలోనుండి బయటకు రాలేదు. పింఛనుకు హామీ ఇస్తే తప్ప ఆడమన్నారు. అప్పుడు సంఘానికి నాయకుడు టామ్ హైన్సన్. లాస్ ఏంజెలెస్ లేకర్స్ యజమాని తన ఆటగాళ్ళకు బెదిరింపు కబురు పంపాడు. వారు కదలలేదు. చివరకు లీగు అధ్యక్షుడు వాల్టర్ కెనడీ మాట ఇచ్చాడు, అప్పుడు ఆడారు. ఆనాటి ఉత్తమ క్రీడాకారుడు ఆస్కార్ రాబర్ట్‌సన్. స్టోక్స్ ఆడిన సిన్సినాటి రాయల్స్ వాడే.

చూడండి, ఆ గదిలో ఎవరూ దానం అడగలేదు. బాకీ అడిగారు. అడిగితేనే వచ్చింది. వచ్చినది కూడా పూర్తిగా రాలేదు. 1965కు ముందే ఆట మానినవారు మొదట ఆ పింఛనుకు వెలుపలే ఉండిపోయారు. 1988లో వారిని చేర్చినప్పుడు అయిదేళ్ళు ఆడి ఉండాలన్న నియమం పెట్టారు. స్టోక్స్ ఆడినవి మూడేళ్ళు. నాలుగవ ఏడు ఆడలేకపోవడానికి కారణమేమిటో మీకు తెలుసు.

బాస్కెట్‌బాల్ కీర్తిమందిరంలో ట్వైమన్‌కు 1983లో, స్టోక్స్‌కు 2004లో చోటు దొరికింది, అనగా మరణించిన 34 ఏళ్ళకు. మిత్రుని తరఫున ఆ గౌరవం అందుకొన్నవాడు ట్వైమనే. 1973లోనే వీరి కథ సినిమాగా వచ్చింది. 2013 నుండి లీగు, ఏటా ఉత్తమ సహచరుడికి ట్వైమన్, స్టోక్స్ పేర్ల మీద ఒక పురస్కారం ఇస్తున్నది. మంచిదే. కాని నాకొక సందేహం. తాను చేయవలసిన పని చేసిపెట్టినవాడి పేరు మీద యజమాని బహుమతి స్థాపించడాన్ని ఏమనాలి? కృతజ్ఞత అనవచ్చు. అందులో ఒక వాక్యం, "ఆనాడు ఇది మా బాధ్యత" అన్న వాక్యం, చేరితే నేనూ చప్పట్లు కొడతాను.

ఇంత ఆవేశం నీకెందుకయ్యా, ఎక్కడి అమెరికా, ఎక్కడి బంతాట అంటారేమో. చెబుతాను. నేను పనిచేసిన బడులలో ఒకదానిలో, చాలా ఏళ్ళ కిందట, వార్షికోత్సవానికి తోరణాలు కడుతూ అటెండరు నిచ్చెన మీదనుండి పడ్డాడు. నడుము విరిగింది. అతడు తాత్కాలికపు మనిషి, పట్టీలో పేరు లేదు, మాకు సంబంధం లేదన్నది యాజమాన్యం. మేము ఉపాధ్యాయులం తలా ఒక రోజు జీతం వేసుకొన్నాం. ఒక సభ పెట్టి కవరు అందించాం. అధ్యక్షస్థానంలో యాజమాన్యం వారే కూర్చున్నారు, పూలదండ కూడా వారికే పడింది. ఉపన్యాసం నాది. దాతృత్వం మీద అరగంట మాట్లాడాను. శిబిని తెచ్చాను, రంతిదేవుణ్ణి తెచ్చాను, కర్ణుణ్ణి తెచ్చాను. బాగా మాట్లాడానని అందరూ అన్నారు.

అటెండరు భార్య వెనుక గోడ దగ్గర నిలబడి ఉంది. పేరు పిలిస్తే వచ్చి, ఆ కవరు కళ్ళకద్దుకొని, వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరికీ వంగి దండం పెట్టింది, అధ్యక్షుల వారికి కూడా. నేను చూస్తూ కూర్చున్నాను. ఆనాడు అది నాకు వినయంగా కనిపించింది. దానం పుచ్చుకొన్నవాడు తల వంచుతాడు. బాకీ వసూలు చేసుకొన్నవాడికి తల వంచే పని లేదు. ఆమెకు రావలసిన బాకీని మేము దానంగా మార్చి, పైన దండం కూడా పెట్టించుకొన్నాం. ఆ మార్పిడికి మంత్రం చదివిన పురోహితుణ్ణి నేను. సిన్సినాటి నుండి వచ్చిన సందేశం చదివినప్పుడు నాకు వచ్చిన కోపంలో సగం ఆ పురోహితుడి మీదనే.

కనుక మిత్రులారా, ఈ కథను పిల్లలకు చెప్పవద్దని నేననను. తప్పక చెప్పండి. రెప్పపాటుతో అక్షరాలు కూర్చుకొన్న ఆ ఇద్దరిని గురించి చెప్పండి. దానితో పాటు 3,492 రీబౌండ్ల సంగతి చెప్పండి, దావా సంగతి చెప్పండి, బోస్టన్‌లో మూసిన గది సంగతి చెప్పండి. చివర "దీనివలన మనం తెలుసుకోవలసిన నీతి ఏమి?" అన్న పాత ప్రశ్న వేసే ముందు, "ఇందులో డబ్బు ఎవరు ఇవ్వవలసింది?" అన్న మరొక ప్రశ్న వేయండి. నేను నా పాఠాలలో ఒక్కనాడూ వేయని ప్రశ్న అది.

నా విద్యార్థికి జవాబు వ్రాశాను. "నాయనా, కథ బాగుంది, ట్వైమన్ మహానుభావుడు, నీవు పంపినందుకు సంతోషం. కాని నేను మీకు చెప్పిన పాఠంలో ఒక తప్పు ఉన్నది, దిద్దుకోవాలి" అని. ఏమిటా తప్పని అడిగాడు. అతనికి వ్రాసిన సమాధానమే కాస్త పెంచి ఇక్కడ ఉంచాను. దీనితో విభేదించేవారు నిర్మొహమాటంగా వ్యాఖ్యానించండి. ఒక్క షరతు. "అప్పటి రోజులు వేరు" అనేవారు, ఈ రోజులు ఏ విధంగా వేరో కూడా మీ ఊరి నుండి ఒక ఉదాహరణ చూపాలి.